మధ్య కుదిరితేనే చక్రానికి తూకం
పాత కార్లు, అరుదైన రిమ్ములకు కొత్త టైర్లు వేయించేవారు తెలుసుకోవాల్సినవి

హైదరాబాద్‌ పాతబస్తీ: కొత్త టైర్లు ఎక్కించారు. యంత్రంపై చక్రాలు తిప్పించి బరువు ముక్కలు కొట్టించారు. తెరపై రెండు వైపులా సున్నా కనిపించింది. అయినా ఆరాంఘర్‌ మీదుగా శంషాబాద్‌ చేరి ఔటర్‌ రింగురోడ్డుపై వేగం పెంచగానే స్టీరింగ్‌ వణకడం మొదలుపెడుతుంది. టైరు నాసిరకమని యజమాని, కారు పాతదని దుకాణదారు అనుకుంటారు. చాలా సందర్భాల్లో తప్పు రెండింటిదీ కాదు. చక్రాన్ని యంత్రానికి బిగించిన తీరులోనే లోపం ఉంటుంది.

మారుతి, హ్యుందాయ్‌ వంటి నిత్యం కనిపించే కార్ల చక్రాలకు ఈ చిక్కు అంతగా రాదు. అంబాసిడర్‌, ప్రీమియర్‌ పద్మిని, పాత జీపు, మూడు నట్ల నానో, తీగ స్పోకుల చక్రాలున్న విదేశీ కార్లు, బయట కొని బిగించుకున్న అల్లాయ్‌ చక్రాల విషయంలో మాత్రం జాగ్రత్త తప్పనిసరి. చక్రం కారుకు ఏ ఆధారంతో మధ్యకు వస్తుందో, యంత్రంపైనా అదే ఆధారంతో మధ్యకు రావాలి. అది కుదరనప్పుడు తెరపై కనిపించే సున్నాకు విలువ లేదు.

గల్లీలో బయటపడని లోపం

పాతబస్తీలో తిరిగే కారుకు తూకం తేడా ఉన్నా చాలాకాలం తెలియకపోవచ్చు. శాలిబండ, మొఘల్‌పురా, యాకుత్‌పురా గల్లీల్లో 20 కిలోమీటర్ల వేగం దాటడమే గగనం. చక్రం విసిరే బలం వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు, వేగం అయిదు రెట్లయితే బలం 25 రెట్లు అవుతుంది.

అంబాసిడర్‌ తరహా 15 అంగుళాల చక్రాన్ని తీసుకుంటే, రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉందనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో అది చక్రాన్ని లాగే బలం సుమారు 110 గ్రాముల బరువుతో సమానం. 60 కిలోమీటర్ల వేగంలో అది ఒక కిలో అవుతుంది. 100 కిలోమీటర్ల వేగంలో దాదాపు 2.8 కిలోలకు చేరుతుంది. ఆ వేగంలో చక్రం సెకనుకు 13 సార్లకు పైగా తిరుగుతుంది. అంటే సెకనుకు పదమూడు సార్లు ఎవరో సుత్తితో కొట్టినట్టు ఆ బలం బేరింగులు, స్టీరింగ్‌ కీళ్ల మీద పడుతుంది. టైరు అక్కడక్కడా మచ్చలుగా అరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు రోడ్డుపై పట్టు తగ్గుతుంది.

నగరం చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున ఉన్న ఔటర్‌పై కార్లకు గరిష్ఠ వేగ పరిమితిని 2023లో గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్‌ వరకు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో, జూపార్కు నుంచి ఆరాంఘర్‌ వరకు నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్‌ 2025 జనవరిలో అందుబాటులోకి వచ్చాయి. గల్లీ నుంచి బయలుదేరిన కారు కొద్ది నిమిషాల్లోనే వేగపు దారి ఎక్కుతోంది. ఇన్నాళ్లూ దాగిన లోపం అక్కడ ఒక్కసారిగా బయటపడుతుంది.

వేగం లేనిచోట తూకానికి అంత పట్టింపు ఉండదు. బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియం నిర్మాత కె.సుధాకర్‌ 2005 జులై 1న నగరంలో నడిపి గిన్నిస్‌ రికార్డు సాధించిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. దాని చక్రం వ్యాసం 17 అడుగులు. అంతటి చక్రాన్ని తూచే యంత్రం ఏ టైర్ల దుకాణంలోనూ ఉండదు. నెమ్మదిగా కదిలే వాహనం కనుక ఆ అవసరమూ రాదు. కారు సంగతి అలా కాదు.

యంత్రం ఏం చెబుతుంది

బ్యాలెన్సింగ్‌ యంత్రానికి ఒక ఇరుసు ఉంటుంది. చక్రం నడిమి రంధ్రాన్ని ఆ ఇరుసుకు ఎక్కించి, శంఖం ఆకారంలోని కోనును రంధ్రంలోకి నెట్టి బిగిస్తారు. రిమ్ము వ్యాసం, వెడల్పు, యంత్రం నుంచి రిమ్ముకున్న దూరం నమోదు చేస్తారు. చక్రం తిరిగినప్పుడు ఇరుసుపై పడే ఒత్తిడిని బట్టి ఎక్కడ ఎన్ని గ్రాములు పెట్టాలో యంత్రం లెక్కగడుతుంది.

ఈ లెక్కంతా యంత్రం ఇరుసు చుట్టూ తిరిగిన చక్రానికి సంబంధించినది. కారు హబ్బు చుట్టూ చక్రం ఎలా తిరుగుతుందో యంత్రానికి తెలియదు. రెండు చోట్లా మధ్య ఒక్కటే అయితేనే లెక్క నిజమవుతుంది.

తేడా ఎంత చిన్నదైనా ఫలితం పెద్దదిగా ఉంటుంది. టైరుతో కలిపి 16 కిలోలున్న చక్రం యంత్రంపై అర మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాం. 15 అంగుళాల రిమ్ము అంచు దగ్గర అది 42 గ్రాముల తప్పుడు తూకంతో సమానం. లేని బరువు ఉన్నట్టు చూపి, దానికి ఎదురుగా 42 గ్రాముల ముక్కను యంత్రం పెట్టిస్తుంది. అప్పటిదాకా బాగున్న చక్రం కాస్తా తూకం తప్పి కారుకు చేరుతుంది. అర మిల్లీమీటరంటే అయిదారు కాగితాల మందం మాత్రమే. రంధ్రం అంచున పేరుకున్న తుప్పు, పాత రంగు పెచ్చు చాలు, ఆ తేడా రావడానికి.

ఏ చక్రానికి ఏ దారి

నట్లతో నిలిచే ఉక్కు చక్రాలు: 2014లో ఉత్పత్తి ఆగిన అంబాసిడర్‌కు 5.90-15, ఈ శతాబ్ది ఆరంభంలో కనుమరుగైన పద్మినికి 5.20-14 ట్యూబు టైర్లు వచ్చేవి. ఆ తరం ఉక్కు చక్రాల్లో ఎక్కువ భాగం హబ్బు అంచు మీద కాకుండా నట్ల ఏటవాలు మొనలపై ఆధారపడి మధ్యకు వస్తాయి. నడుమ ఉన్న రంధ్రం హబ్బుకు చోటు వదలడానికే తప్ప కొలతకు పెట్టింది కాదు. అది అచ్చంగా మధ్యలో ఉంటుందన్న నమ్మకం లేదు. ఇలాంటి వాటికి రంధ్రంలో కోను పెట్టి ఊరుకోరాదు. నట్ల రంధ్రాల్లో కూర్చునే వేళ్లున్న పళ్లెం, అంటే ఫ్లాంజి అడాప్టరు, వాడాలి. మూడు, నాలుగు, అయిదు నట్లకు సర్దుకునే పళ్లేలు యంత్రాల తయారీదారుల వద్ద దొరుకుతాయి. దుకాణంలో అది ఉందో లేదో టైరు విప్పకముందే అడగాలి.

మూడు నట్ల నానో: టాటా నానో 2009లో మార్కెట్లోకి వచ్చింది. 2018లో ఉత్పత్తి నిలిచిపోయింది. చక్రానికి మూడే నట్లు. ముందు 135/70 ఆర్‌12, వెనుక 155/65 ఆర్‌12 టైర్లు ఉంటాయి. ముందువి వెనక్కు, వెనుకవి ముందుకు మార్చడం కుదరదు. రంధ్రానికి సరైన కోను దొరికితే యంత్రంపై ఇబ్బంది లేదు. దొరక్కపోతే మూడు వేళ్ల పళ్లెం కావాలి. నాలుగు వేళ్ల పళ్లేన్ని ఎలాగోలా సర్దించడం పనికిరాదు.

తీగ స్పోకుల చక్రాలు: కొన్ని పాత బ్రిటిష్‌ కార్లలో చక్రం పళ్ల హబ్బు మీద జారి కూర్చుంటుంది. రెక్కలున్న ఒకే పెద్ద నట్టు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇక్కడ చక్రాన్ని మధ్యకు తెచ్చేవి లోపల ఒకటి, బయట ఒకటిగా ఉన్న ఏటవాలు అంచులు. యంత్రంపైనా రెండు వైపులా ఆ అంచులనే కోనులు పట్టాలి. పళ్లను పట్టిస్తే అరుగుదల కారణంగా లెక్క తప్పుతుంది. అంతకన్నా ముందు స్పోకులు సరిచేయించాలి. గరిటెతో తట్టినప్పుడు ఒక స్పోకు గణగణమని, ఇంకొకటి బొద్దుగా మోగితే బిగువు సమానంగా లేదని అర్థం. వదులు స్పోకులున్న చక్రానికి ఈ రోజు పెట్టిన తూకం నెల తిరిగేసరికి మారిపోతుంది. స్పోకుల తలలు రిమ్ములోకి పొడుచుకొస్తాయి కనుక రిమ్ము పట్టీ, ట్యూబు తప్పనిసరి. ఎడమ, కుడి హబ్బుల మరలు ఎదురెదురు దిశల్లో ఉంటాయి. రెక్కల నట్లను పక్కలు మార్చి బిగించరాదు.

మధ్య రంధ్రం లేని చక్రాలు: పాత ఫ్రెంచి కార్లలో కొన్నింటికి నడిమి భాగం మూసి ఉంటుంది. వాటిని ఇరుసుకు ఎక్కించే వీలే లేదు. నట్ల రంధ్రాలను పట్టే ప్రత్యేక పళ్లెం ఒక్కటే మార్గం. యంత్రం కోసం మధ్యలో రంధ్రం తొలిపించడం చక్రాన్ని పాడుచేసుకోవడమే.

బయట కొన్న అల్లాయ్‌లు: నేడు పాతబస్తీలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇదే. అనేక కార్లకు సరిపోయేలా వీటి రంధ్రాన్ని పెద్దగా తయారుచేస్తారు. 73.1 మిల్లీమీటర్లు తరచూ కనిపించే కొలత. హ్యుందాయ్‌ ఐ20 వంటి కార్ల హబ్బు 54.1 మిల్లీమీటర్లే. మధ్యన మిగిలిన ఖాళీని ప్లాస్టిక్‌ లేదా అల్యూమినియం రింగుతో పూడ్చాలి. రింగు లేకున్నా యంత్రంపై తూకం చక్కగానే వస్తుంది. కారుకు బిగించేటప్పుడు చక్రం కాస్త కిందికి జారి నిలవడంతో వణుకు తిరిగి వస్తుంది. తూకం మళ్లీ మళ్లీ చేయించినా వణుకు పోకపోతే ముందు చూడాల్సింది రింగునే.

జీపు చక్రాలు: రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్‌ జీపుల్లో రెండు భాగాలను బోల్టులతో కలిపిన రిమ్ములు ఉండేవి. ఇక్కడ తూకం కన్నా ప్రాణరక్షణ ముఖ్యం. వాల్వు సూది తీసి గాలి పూర్తిగా పోయిందని నిర్ధారించుకోకుండా రిమ్ము బోల్టులను ముట్టుకోరాదు. గాలి ఉండగా వదులు చేస్తే రెండు భాగాలు విడిపోయి ఎదుటి మనిషి మీదికి ఎగిరివస్తాయి. కారుకు బిగించే నట్లు వేరు, రిమ్ము భాగాలను కలిపే నట్లు వేరు. ఆ తేడా తెలిసిన ఉస్తాద్‌ చేతికే ఈ పని అప్పగించాలి.

టైరు ఎక్కించే ముందే

తూకం చివరి పని. అంతకుముందు చూడాల్సినవి ఉన్నాయి. జాకీపై చక్రాన్ని ఎత్తి, రిమ్ము అంచుకు దగ్గరగా సుద్దముక్కను కదలకుండా పట్టుకుని చక్రాన్ని చేత్తో తిప్పాలి. మధ్యనున్న సందు ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించి మారుతుంటే రిమ్ము వంకర తిరిగినట్టు. వంకరకు మందు బరువు ముక్క కాదు. తూకం కుదిరినా గుండ్రం కాని చక్రం కారును ఎగరేస్తూనే ఉంటుంది. రిమ్ము లోపలి తుప్పు, పాత బరువు ముక్కలు, ఎండిన బురద పూర్తిగా తీసేయాలి. హబ్బు ముఖాన్ని, చక్రం వెనుక భాగాన్ని తీగ బ్రష్షుతో శుభ్రం చేయాలి.

కొత్త టైరు పక్కన పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటుకు గుర్తు. దాన్ని వాల్వు పక్కనే ఉంచితే పెట్టాల్సిన ముక్కలు తగ్గుతాయి. టైరు అంచున నాలుగు అంకెల్లో తయారీ వారం, సంవత్సరం ఉంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం. పాత కొలతల టైర్లు నిదానంగా అమ్ముడవుతాయి. దుకాణంలో ఏళ్ల తరబడి ఉన్నవి చేతికి రాకుండా ఈ అంకె చూసుకోవడం మేలు. ట్యూబు మడత పడకుండా కొద్దిగా గాలి నింపి, పౌడరు రాసి అమర్చాలి.

ఒకే వైపు 80, 100 గ్రాములు అడుగుతుంటే ముక్కలు పేర్చుకుంటూ పోరాదు. గాలి తీసి టైరును రిమ్ముపై సగం చుట్టు తిప్పి మళ్లీ తూచాలి. చాలాసార్లు ఆ అంకె బాగా దిగివస్తుంది.

సగం చుట్టు పరీక్ష

చేసిన పని సరైనదో కాదో అక్కడే తేల్చే సులువైన పరీక్ష ఉంది. తెరపై సున్నా వచ్చాక చక్రాన్ని వదులు చేయాలి. ఇరుసును కదలనీయకుండా చక్రాన్ని మాత్రం సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి యంత్రం నడపాలి. అయిదు, పది గ్రాముల లోపు కనిపిస్తే ఇబ్బంది లేదు. 30, 50 గ్రాములు చూపితే చక్రం మధ్యన కూర్చోలేదనే లెక్క. పైన చెప్పిన అర మిల్లీమీటరు తప్పు కోను దగ్గరుంటే ఈ పరీక్షలో అది రెట్టింపై 84 గ్రాములుగా కనిపిస్తుంది. దీనికి రెండు నిమిషాలు చాలు. అడగడానికి యజమాని మొహమాటపడనక్కర్లేదు, చేయడానికి దుకాణదారు నొచ్చుకోనక్కర్లేదు.

ఈ పరీక్షకూ ఒక హద్దు ఉంది. రంధ్రమే మధ్యలో లేని చక్రాల లోపాన్ని ఇది పట్టలేదు. ఎన్నిసార్లు తిప్పి బిగించినా కోను అదే రంధ్రాన్ని పట్టుకుంటుంది కదా. అలాంటప్పుడు యంత్రంపై తిరిగే రిమ్ము అంచును గమనించాలి. కారు మీద నిలకడగా తిరిగిన అంచు యంత్రంపై పైకీ కిందికీ ఊగుతుంటే రంధ్రాన్ని నమ్మరాదు. నట్ల పళ్లెం వాడాల్సిందే.

యంత్రం పనికిరానిచోట

సరైన పళ్లెం దొరకనప్పుడు కారు హబ్బునే తక్కెడగా వాడుకోవచ్చు. యంత్రాలు రాకముందు మెకానిక్కులు అనుసరించిన పద్ధతి ఇదే. ఇంజిన్‌ శక్తి అందని చక్రాన్ని, అంబాసిడర్‌ వంటి కార్లలో ముందు చక్రాన్ని, జాకీపై ఎత్తి కింద గట్టి స్టాండు పెట్టాలి. బ్రేకు రాపిడి లేకుండా చూడాలి. మెల్లగా తిప్పి వదిలితే బరువైన భాగం కిందికి వచ్చి ఆగుతుంది. మూడు నాలుగు సార్లు అదే చోటు కిందికి వస్తే దానికి సరిగ్గా ఎదురుగా పైభాగాన చిన్న ముక్కను టేపుతో అంటించాలి. ఎక్కడ వదిలితే అక్కడే నిలిచేదాకా బరువు సర్దాలి. వెనుక చక్రాలను కూడా, హబ్బుకు సరిపోతే, ముందు హబ్బుకే బిగించి తూచవచ్చు.

ఈ పద్ధతిలో పైకీ కిందికీ ఎగిరే తేడా మాత్రమే పోతుంది. పక్కలకు ఊగే తేడా అలాగే ఉంటుంది. సన్నటి పాత చక్రాలకు ఇది చాలావరకు సరిపోతుంది. వెడల్పాటి చక్రాలకు యంత్రమే శరణ్యం. ముక్కలను రిమ్ము లోపలి అంచున సగం, బయటి అంచున సగం పంచడం మంచిది.

చక్రాన్ని వదులుకోవద్దు

యంత్రానికి సరిపోలేదన్న ఒక్క కారణంతో పాత చక్రాలను తుక్కుకు వేసి కొత్తవి బిగించుకునేవారు ఉన్నారు. ఇందులో నష్టం రెండు విధాలు. కొత్త చక్రం వెడల్పు, లోతు మారితే స్టీరింగ్‌, బేరింగులపై భారం మారుతుంది. రెండోది, పోయిన అసలు చక్రం మళ్లీ దొరకదు. 50 ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్‌ గుర్తింపునిచ్చే నిబంధనలను కేంద్రం 2021 జులైలో ప్రకటించింది. వాహనం గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నది అందులో ప్రధాన షరతు. కొత్త నమోదుకు రూ.20 వేలు రుసుం. ఇలా నమోదైన వాహనాలను నిత్య ప్రయాణాలకు గానీ, వ్యాపారానికి గానీ నడపరాదు.

పాతబస్తీకి ఈ మాట కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ కోసం తయారు చేయించిన రోల్స్‌రాయిస్‌ సిల్వర్‌ఘోస్ట్‌ను ఆయన చూడనేలేదు. 1911లో ఆయన మరణించాక అది నగరానికి చేరింది. సింహాసనం కారుగా పేరొందిన ఆ వాహనం చౌమహల్లా ప్యాలెస్‌లో నేటికీ సందర్శకులను ఆకట్టుకుంటోంది. శతాబ్దం నాటి వస్తువు దాని రూపంలోనే నిలిచినందువల్లే దానికి ఆ విలువ. తాత నడిపిన అంబాసిడర్‌కూ ఆ ఇంట అంతే విలువ ఉంటుంది.

దుకాణానికి వెళ్లే ముందు

* చక్రం హబ్బు మీద నిలుస్తుందా, నట్ల మీద నిలుస్తుందా తెలుసుకోవాలి.
* నట్ల పళ్లెం, తగిన కోను ఉన్నాయో లేదో ముందే అడగాలి.
* టైరు ఎక్కించకముందు రిమ్ము వంకర, తుప్పు, స్పోకుల బిగువు చూపించాలి.
* తూకం అయ్యాక సగం చుట్టు పరీక్ష చేయించాలి.
* నట్లను ఒకదాని తర్వాత ఎదురుదాన్ని బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూడాలి.
* వణుకు తగ్గకుంటే వేగం తగ్గించి ఇంటికి చేరాలి. నట్లు, రింగు, బేరింగు వరుసగా చూపించాకే టైరును అనుమానించాలి.